పేరెత్తని పురుగు

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా ఆసుపత్రి క్యాజువాల్టీలో ఉన్నవాళ్ళు: నేను, నాతో డాక్టరు డ్యూటీలో ఉన్న హైదరాబాదు కుర్రాడు, ఒక నర్సమ్మ, గోడవార మంచం మీద డెబ్బై దాటిన ముసలాయన, ఆయన కాళ్ళ దగ్గర నిలబడ్డ కోడలు. ఉన్న వస్తువులు: ఆక్సిజన్ సిలిండర్లు రెండు, పనిచేసే మానిటరు ఒకటి, పనిచెయ్యనిది ఒకటి, సెలైన్ స్టాండ్లు, మూలగా ఒక ఫ్రిజ్, కోడలి చేతిలో తడిగుడ్డ చుట్టిన నీళ్ళసీసా. వాళ్ళది భోగాపురం దగ్గర పల్లె. విమానాశ్రయం రోడ్డు కోసం పక్కకి తోసిన మట్టిగుట్ట మీద తాటాకులు పేర్చి ఉంటే, వాటిని సర్దబోయి ముసలాయన చెయ్యి పెట్టాడట.

"మావకి పురుగు ముట్టినాది బాబూ" అంది కోడలు.

"ఏం పురుగమ్మా?" అని హైదరాబాదు కుర్రాడు చాలా మర్యాదగా అడిగాడు. అతను ఆ ప్రశ్న పూర్తిచేసే సరికి నేను ఫ్రిజ్ తలుపు తీసి ఉన్నాను.

సాయంత్రానికి ముసలాయన ఊపిరి నిలకడగా ఉందని నమ్మకం కుదిరాక, టీ తాగుతూ ఆ కుర్రాడు నన్ను రెండు ప్రశ్నలు అడిగాడు. ఆవిడ పురుగనే కదా అంది, నీకెలా తెలిసిందన్నా అని మొదటిది. పాలిటెక్నిక్‌లో రెండేళ్ళు ఎలక్ట్రికల్ చదివావట, అది మానేసి ఇటెందుకొచ్చావన్నా అని రెండోది. రెండింటికీ జవాబు ఒకటేనని అతనికి తెలియదు. పెద్ద కథలే అని తప్పించుకున్నాను కానీ, ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మెడికల్ కాలేజీలో చేరిన మొదటి వారం, మన ఈడువాళ్ళలో ఆ చదువు చదివిన వాళ్ళందరికీ అనుభవమే, ఒక పెద్దాయన తరగతిలో అందర్నీ వరసగా లేపి వైద్యం ఎందుకు ఎంచుకున్నారో చెప్పమన్నారు. ఊరికి సేవ చెయ్యాలని కొందరు, అమ్మ కోరిక అని కొందరు, తాతగారు సరైన వైద్యం అందక పోయారని ఒకమ్మాయి, నలుగురిలో గౌరవం ఉంటుందని నిజాయితీగా ఒకబ్బాయి చెప్పారు. నా వంతు వచ్చేసరికి జీవశాస్త్రం ఇష్టమండీ అని కూర్చున్నాను. నిజానికి పదో తరగతిలో నాకు అన్నిటికంటే తక్కువ మార్కులు వచ్చింది అందులోనే. అసలు కారణం చెప్పాలంటే నా దగ్గర గౌరవప్రదమైన మాట లేదు. భయం వల్ల చేరానని ఎవరు చెప్పుకుంటారు?

ఆ భయం ఎక్కడ పుట్టిందో చెప్పేముందు మన ఇళ్ళల్లో మాటల సంగతి ఒకటి గుర్తుచెయ్యాలి. మన ఇళ్ళల్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. పుస్తెలతాడు తెగదు, పెరుగుతుంది. గుమ్మం దాటేవాళ్ళు వెళ్తాననరు, వెళ్ళొస్తానంటారు. చెడ్డమాట నోట పలికితే అది విని వచ్చేస్తుందని మన పెద్దవాళ్ళ భయం, ఆ భయాన్ని వాళ్ళు ఎంతో అందంగా దాచుకున్నారు. చిన్నప్పుడు నాకు ఈ మాటలు వింటే ముచ్చటగా ఉండేది. లెక్కల బుర్ర కదా, ఒక్కొక్క మాటకీ గుర్తు తిరగేసి చదువుకోవాలి, కూడిక అంటే తీసివేత అని మనసులో పట్టిక వేసుకునేవాణ్ణి. ఆ పట్టికలో పాముకి ఎదురుగా ఉండే మాట పురుగు. పాము కరవదు, పురుగు ముడుతుంది.

మా ఊరు ఆమదాలవలస నుంచి పాతపట్నం వెళ్ళే దారిలో రోడ్డు దిగి లోపలికి వెళ్ళాలి. నాన్న విశాఖపట్నంలో ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం చేసేవాడు, అమ్మ ఆయనతో ఉండేది. ఊళ్ళో పొలమూ పశువులూ చూసుకునేది చిన్నాన్న, పిన్ని, మా మామ్మ. మామ్మ అంటే నాన్నకీ చిన్నాన్నకీ తల్లి. పాలిటెక్నిక్ సెలవులిస్తే నేను విశాఖ వెళ్ళకుండా ఊరే వెళ్ళేవాణ్ణి, అందుకు ముఖ్యమైన కారణం పిన్ని. ఆవిడ నోరు ఆగేది కాదు. ఊళ్ళో ప్రతివాడికీ ఒక పేరు పెట్టేది, ఆ పేరే వాడికి స్థిరపడిపోయేది. నేను ఎలక్ట్రికల్‌లో చేరిన నాటి నుంచి నన్ను కరెంటు అనేది. "ఒరే కరెంటూ, వచ్చినావేటి? ఇయ్యాల పోకుండా ఉంటాది మరి" అని గుమ్మంలోనే స్వాగతం. ఒకసారి మామ్మ గది ఫ్యాను బాగుచెయ్యబోయి దాన్ని పూర్తిగా ఆపేశాను, అది ఆవిడకి ఏడాది పాటు సరిపడా సరుకు అయింది.

రెండో ఏడు సెలవులు. ఉదయం ఎద్దులకి ఉలవలు ఉడికించడానికి పొయ్యి రాజేస్తూ పిన్ని వసారా పక్కన చూరు కింద పేర్చిన పిడకల్లో చెయ్యి పెట్టింది. వెంటనే తీసింది. అరవలేదు. నేను నూతి దగ్గర మొహం కడుక్కుంటున్నాను, గోడ బీటలోకి దూరుతున్న సన్నటి నల్లని తోకనీ, దాని మీది తెల్లని పట్టీలనీ నేనూ చూశాను, దూడని కడుతున్న చిన్నాన్నా చూశాడు. పిన్ని చెయ్యి చీరకి తుడుచుకుని, చారులో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అత్తా, నాకు పురుగు ముట్టినాది."

మామ్మ లేచి రెండు చేతులూ జోడించి గోడకి దణ్ణం పెట్టింది. తర్వాత మా ముగ్గురికీ హుకుం వేసింది. "ఆ పేరు ఎవులూ ఎత్తకండొరే. ఇది తిరిగి గుమ్మం తొక్కిందాకా ఆ పేరు ఎత్తినారంటే ఇసం పైకెక్కిపోతాది." పక్క ఊళ్ళో మంత్రం వేసే ఆయన ఉన్నాడని కూడా అంది. పిన్ని అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "ముందు సూదిమందు. తరవాత మంత్రమేనా ఏయించు, మల్లిపూలేనా పెట్టించు అత్తా" అంది. పక్కింటి ఆటోలో నలుగురం ఎక్కాం. పిన్ని చూపుడు వేలి మీద రెండు చిన్న చుక్కలు, దోమ కుట్టినంత కూడా లేవు. వాపు లేదు, నొప్పి లేదు. నాకు అదే ధైర్యాన్నిచ్చింది. ఆ జాతి పాము అలాగే చేస్తుందని అప్పటికి నాకు తెలియదు.

మాకు దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో, పేరెందుకులెండి, ఆ పూట డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ కొత్తగా చదువు ముగించి వచ్చినట్టుంది. మాట హైదరాబాదు మాట, అందులోనూ హాస్టళ్ళలో ఇంగ్లీషు మధ్య పెరిగిన మాట. నిద్ర లేదని మొహం చెబుతోంది, అయినా విసుక్కోలేదు, పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుని చూసింది. ఏమైందని అడిగింది.

"పురుగు ముట్టినాదండి" అన్నాడు చిన్నాన్న.

"ఏం పురుగండీ? తేలా?"

"తేలు కాదండి."

"జెర్రా?"

"జెర్రి కాదండి. పురుగు."

చిన్నాన్న తన వంతు పూర్తిగా, స్పష్టంగా చెప్పేశానన్న ధీమాతో నిలబడ్డాడు. మామ్మ ఆమోదంగా తల ఊపింది. డాక్టరమ్మ కూడా తల ఊపింది. ఆ గదిలో ఉన్న అయిదుగురిలో ప్రతి ఒక్కరూ తక్కిన వాళ్ళకి విషయం అర్థమైందనే అనుకున్నాం. ఆవిడ బీపీ చూసి, ఒక సూది వేసి, మాత్రలు రాసి, భయపడాల్సిందేమీ లేదనీ, ఇది మామూలు ఎలర్జీ అనీ, సూదికి కొంచెం నిద్ర వస్తుంది కాబట్టి కాసేపు బయట కూర్చుని ఇంటికి వెళ్ళిపోవచ్చనీ చెప్పింది.

ఇక్కడే ఆ తప్పు రెండింతలైంది. ఆవిడ పురుగు కుట్టిందనుకుని ఏమీ కాదంది. మా వాళ్ళు, అంత చదువుకున్న డాక్టరమ్మ పాము సంగతి తెలుసుకుని మరీ ఏమీ కాదంటోందంటే, అది విషం లేనిదై ఉంటుందనుకున్నారు. వరండాలో సిమెంటు అరుగు మీద కూర్చుని మామ్మ ఆ అమ్మాయి చల్లగా ఉండాలని దీవించింది. చిన్నాన్న టీ తేవడానికి వెళ్ళాడు. పట్టీలున్న తోక నా కళ్ళలో కదులుతూనే ఉంది, కానీ లోపల ఉన్నది డాక్టరు, నేను మోటార్లు విప్పి బిగించే వాణ్ణి, నాకేం తెలుసు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

పిన్ని రెప్పలు వాలుతున్నాయి. సూది పనిచేస్తున్నాది, కాస్త కునుకు తియ్యవే అంది మామ్మ. పిన్ని పడుకోలేదు. అరుగు వారగా కూర్చుని, ఎదురుగా ఉన్న నన్ను చూడటానికి గడ్డం పైకెత్తింది. పొట్టిగోడ మీంచి పక్కింట్లోకి తొంగిచూసే మనిషిలాగ, తల వెనక్కి వాల్చి, రెప్పల కింది సందులోంచి చూస్తోంది.

"ఒరే కరెంటూ, నువ్వు ఇద్దరు అవుపిస్తన్నావేటిరా. ఒక్కడితోనే ఏగలేకపోతన్నాం" అంది.

మామ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నోట్లో ఉండగానే రెండు సంగతులు తట్టాయి. ఒకటి, ఆవిడ గొంతు ముక్కులోంచి వస్తోంది, జలుబు చేసినట్టు. రెండోది నాకు పాలిటెక్నిక్ ల్యాబులో అలవాటైన సంగతి. మనిషి నిద్రపోవడమంటే ఇంటి మెయిన్ స్విచ్చి కట్టేసినట్టు ఉండాలి, అన్నీ ఒక్కసారే ఆగాలి. నిద్ర వచ్చే మనిషికి రెప్పతో పాటే మాట మందగిస్తుంది, ఆలోచన మందగిస్తుంది, మెడ వాలుతుంది. పిన్ని ఆలోచన ఎప్పటిలాగే చురుగ్గా ఉంది, వెక్కిరింపు వెక్కిరింపే. రెప్పలు మాత్రం లేవడం లేదు. మెయిన్ బాగానే ఉండి, ఒక్కొక్క గదిలోనే దీపం పోతోంది.

"పిన్నీ, కళ్ళు గట్టిగా తెరువు."

"తెరిసే ఉన్నాను కదరా."

తెరిచి లేవు.

నేను లోపలికి పరిగెత్తాను. మామ్మ ఏదో అనుమానించి నా వెనకే వచ్చింది. డాక్టరమ్మ ఎవరి బిడ్డకో జ్వరం చూస్తోంది. నేను గుమ్మంలో నిలబడి చెప్పాను. "మేడమ్, పాము. మా పిన్నికి పాము కరిచింది. నల్లగా, తెల్ల పట్టీలు. పాము." మూడోసారి అంటుండగా వెనక నుంచి మామ్మ చెయ్యి వచ్చి నా నోరు మూసింది. ఆ అరచెయ్యి పసుపూ పేడా కలిసిన వాసన వేసింది. "సంపేసినావురా గుంటడా, దాన్ని సంపేసినావు" అని చెవిలో గొణిగింది.

డాక్టరమ్మ జ్వరం చూసే థర్మామీటరు బిడ్డ చంకలోనే వదిలేసి బయటికి వచ్చింది. అరుగు మీద పిన్ని గడ్డం పైకెత్తి ఆవిడ వైపు తిరిగింది. ఆ ఒక్క చూపుతో డాక్టరమ్మకి అంతా అర్థమైంది. అప్పుడే టీ గ్లాసులతో వచ్చిన చిన్నాన్నని, పామని ఎందుకు చెప్పలేదండీ అని అడిగింది. అందులో కోపం లేదు, నమ్మలేకపోవడం ఉంది.

చిన్నాన్న ఇంకా ఎక్కువ ఆశ్చర్యపోయాడు. "సెప్పినాను కదండీ. పురుగని రెండుసార్లు సెప్పినాను" అన్నాడు.

తర్వాత జరిగిందంతా నాకు వరసగా గుర్తుంది కానీ ఎంతసేపు పట్టిందో తెలియదు. పిన్నిని మంచం మీదికి చేర్చారు. ఫ్రిజ్‌లోంచి విషానికి విరుగుడు మందు సీసాలు తెచ్చారు, లోపల తెల్లటి పొడి, అందులో నీళ్ళు పోసి కరిగించాలి. కుదిపితే నురగ కట్టేస్తుందని, ఒక్కొక్క సీసానీ రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ఒత్తులు చేసినట్టు మెల్లగా దొర్లించాలి. డాక్టరమ్మ, నర్సమ్మ ఇద్దరూ దొర్లిస్తున్నారు. ప్రాణం పోతున్న చోట ఇంత నెమ్మదిగా చెయ్యాల్సిన పని ఒకటి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. పది సీసాలు సెలైన్‌లో కలిసి ఎక్కుతుండగా పిన్నికి ఉమ్మి మింగుడు పడటం ఆగిపోయింది. ఇంకో పది కావాలి, తొందరగా చూడమ్మా అంది డాక్టరమ్మ. నర్సమ్మ ఫ్రిజ్ దాకా వెళ్ళి వచ్చింది.

"నిండుకున్నాయి మేడమ్."

డాక్టరమ్మ మొహం ఒక్క క్షణం వెలిగింది. "ఉన్నాయా? తీసుకురండి మరి" అంది.

ఆ వెలుగు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. నర్సమ్మ మళ్ళీ నిండుకున్నాయనే అంది. మన తెలుగులో ఆ మాట తిరగేసి చదువుకోవాలని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. చివరికి నేనే, లేవని అర్థం మేడమ్ అన్నాను. ఒకే ఉదయం ఒకే మనిషికి రెండోసారి అనువాదం చేశాను.

నూట ఎనిమిది బండి వచ్చింది. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి ఫోన్ చేసి, అన్నీ సిద్ధంగా ఉంచమని డాక్టరమ్మ చెప్పింది. పిన్ని మొహం మీద రబ్బరు మాస్కు, దానికి తగిలించిన సంచి. ఆ సంచి నొక్కితే గాలి లోపలికి వెళ్తుంది, వదిలితే వస్తుంది. బండిలో ఉన్న టెక్నీషియన్ నొక్కుతున్నాడు. దారిలో పిన్ని గొంతులో చేరిన ఉమ్మిని గొట్టంతో లాగిన ప్రతిసారీ, మళ్ళీ మాస్కు పెట్టి రెండు చేతులా అదిమిపట్టుకుని సంచి నా చేతికి ఇచ్చేవాడు. నొక్కు, వదులు, మధ్యలో మూడు లెక్కపెట్టు అన్నాడు. నేను పైకే లెక్కపెట్టాను. నొక్కినప్పుడు ఆవిడ ఛాతీ లేస్తోంది, నొక్కకపోతే లేవడం లేదు. మనిషికీ ఊపిరికీ మధ్య నా వేళ్ళు తప్ప ఇంకేమీ లేవన్న సంగతి, స్పీడు బ్రేకరు మీద బండి ఎగిరినప్పుడల్లా కొత్తగా తెలిసేది. చిన్నాన్న పిన్ని పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. మామ్మని ఆటోలో ఇంటికి పంపేశాం, ఆవిడ నా వైపు చూడనైనా లేదు.

పిన్ని బతికింది. కొన్నాళ్ళు మిషను మీద ఉంది. గొంతులో గొట్టం తీశాక మొదట అడిగింది ఎద్దులకి ఉలవలు ఎవరు పెడుతున్నారని. రెండోది నా గురించి. అంతసేపూ ఆవిడకి తెలివి ఉందట, కదలలేకపోయిందంతే, అన్నీ వినబడ్డాయట. "ఒకటి రెండు మూడని నువ్వు లెక్కెడతంటే ఇన్నాన్రా. ఓ తూరి రెండు దగ్గిర ఆగిపోనావు. ఈడికి మూడు రాదేటి, ఇంక నా పని అయిపోనాదనుకున్నాను" అంది. వార్డులో పక్క మంచాల వాళ్ళు కూడా నవ్వారు. నేను బయటికి వెళ్ళిపోయి మెట్ల మీద కూర్చున్నాను. ఎప్పుడు ఆగానో నాకు గుర్తులేదు. ఇప్పటికీ గుర్తు రాదు.

పిన్ని తిరిగి గుమ్మం తొక్కేదాకా మామ్మ నాతో మాట్లాడలేదు. తొక్కాక దిష్టి తీసి, కొబ్బరికాయ కొట్టి, ఒక చెక్క నా చేతిలో పెట్టింది. "నువ్వు పేరెత్తినా బతికినాది. దాని ఆయువు గట్టిది" అంది. ఆవిడ లెక్కలో నేను చేసిన హాని నుంచి పిన్ని తప్పించుకుంది.

సెలవులయ్యాక పాలిటెక్నిక్ వెళ్ళాను కానీ చదువు సాగలేదు. ల్యాబులో మోటారు ముందు నిలబడితే వరండా అరుగు కనిపించేది. మూడో వారంలో విశాఖ వెళ్ళి, ఇది మానేసి మళ్ళీ ఇంటర్ మొదటి ఏడులో బైపీసీలో చేరతానని నాన్నతో చెప్పాను. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి, అన్నం కంచం పక్కకి జరిపాడు. ఇంకో ఏడాదిలో డిప్లొమా చేతికొస్తుంది, ఫ్యాక్టరీలో తెలిసినవాళ్ళున్నారు, ఇదంతా ఆయన ఎన్నాళ్ళుగానో కట్టుకున్న గోడ. చివరికి ఒక్క ప్రశ్న అడిగాడు.

"పిన్ని బతికింది కదరా. బతక్కపోతే డాక్టరవుతానన్నావంటే అర్థముంది. బతికింతర్వాత ఏటి నీ బాధ?"

నాన్న అడిగింది సరైన ప్రశ్న. చుట్టాలందరూ, ఆ డాక్టరమ్మని చూసి వాడికి కూడా అలా అవ్వాలనిపించింది పాపం అని సర్దుకున్నారు, నేను కాదనలేదు. జవాబు దొరకడానికి నాకు చాలా కాలం పట్టింది. బైపీసీలో నాకంటే చిన్నవాళ్ళు నన్ను తాతా అని పిలుస్తుంటే వెనక బెంచీలో కూర్చుని కప్పల బొమ్మలు వేసుకుంటూ, నీట్ మొదటిసారి పోయి రెండోసారికి తయారవుతూ, దాని గురించే ఆలోచించాను.

జవాబు ఇది. పిన్ని బతికింది, ఎందుకంటే ఆవిడ మాటకారి. అరుగు మీద కూర్చుని నన్ను వెక్కిరించింది కాబట్టి, ఇద్దరు అవుపిస్తన్నావంది కాబట్టి నాకు తెలిసింది. అదే చోట మా అమ్మ కూర్చుని ఉంటే, అమ్మ నెమ్మదస్తురాలు, ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టంలేని మనిషి, నిద్రొస్తోంది కాబోలనుకుని మామ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేది. మేం టీ తాగుతూ కూర్చునేవాళ్ళం. అక్కడ ఎవరూ తప్పు చెయ్యలేదు. చిన్నాన్న నిజమే చెప్పాడు, డాక్టరమ్మ విన్నదానికి సరైన మందే ఇచ్చింది, మామ్మ తన కోడలి ప్రాణం కోసమే పేరు దాచింది. అందరూ మంచివాళ్ళై ఉండగానే మనిషి చచ్చిపోవచ్చన్నది నాకు ఆ వరండాలో తెలిసింది. మాటలు రాని వాళ్ళు, మర్యాదస్తులు, మొహమాటస్తులు, ఏ ఆసుపత్రి అరుగు మీదైనా గడ్డం పైకెత్తి కూర్చుని ఉండవచ్చు. వాళ్ళ వైపు ఎవరైనా చూస్తున్నారా అన్న దిగులు నన్ను వదలలేదు. ఆ చూసేవాడు నేనే అయితే దిగులు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, అది వేరే సంగతి. ఇప్పటికీ వరండాలో ఎవరైనా కునుకు తీస్తుంటే దగ్గరికి వెళ్ళి, బాబూ ఒకసారి పైకి చూడండి అంటాను. చాలామంది తిట్టారు.

ఆ డాక్టరమ్మ పై చదువుకి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది, మళ్ళీ చూడలేదు. మామ్మ నేను మూడో ఏడు చదువుతుండగా పోయింది. పోయిందని రాస్తుంటే చెయ్యి ఆగింది, ఆవిడ ఉంటే ఆ మాట కూడా తిరగేసే చెప్పేది. మా ఇంట్లో పిడకలు లేవు, గ్యాసు వచ్చింది, ఎద్దులు వెళ్ళిపోయాయి, ఆ గోడ పడగొట్టి సిమెంటుతో కట్టారు. ఊళ్ళో పిల్లలకి పామంటే పామే. మొన్నామధ్య ఒక కుర్రాడు కరిచిన పాముని ఫోనులో వీడియో తీసుకుని వచ్చి, పేరు కూడా తనే చెప్పాడు. వైద్యుడిగా నాకు ఇంతకంటే కావలసింది లేదు. అయినా ఆ కుర్రాడు అంత తేలిగ్గా ఆ పేరు పలుకుతుంటే, పసుపు వాసన వేసే ఒక చెయ్యి నా నోటి మీద పడినట్టయింది. ఆ భయంలో ప్రేమ కూడా కలిసి ఉండేది, రెండూ ఒక్క మాటలోనే ఉండేవి, వేరు చెయ్యబోతే రెండూ పోయాయి. పిన్ని మాత్రం ఇప్పటికీ పురుగనే అంటుంది. నన్ను కరెంటు డాక్టరంటుంది.

భోగాపురం ముసలాయన నిన్న ఉదయం రెండు ఇడ్లీలు తిని, మూడోది ఎందుకివ్వరని నర్సమ్మతో దెబ్బలాడాడు. హైదరాబాదు కుర్రాడు నన్ను చూసి నేర్చుకుని, ఇప్పుడు ఎవరు పురుగన్నా ముందు కళ్ళు తెరవమంటున్నాడు. డ్యూటీ దిగేముందు, రోజూ చేసినట్టే, ఫ్రిజ్ తలుపు తీసి చూశాను. నిండుకోలేదు. పదహారు సీసాలు ఉన్నాయి.